కాస్త తగ్గించు

"మళ్ళీ కర్టెన్లు పీకుతున్నావా అమ్మాయ్? ఎదురింటావిడ కళ్ళు అసలే మన కంచాల్లో ఉంటాయి!" అన్నారు మా అత్తగారు. నేను అప్పటికే స్టూలెక్కి ముందుగది కిటికీకున్న రెండో కర్టెను విప్పుతున్నాను. "సాయంత్రానికల్లా తగిలించేస్తాను అత్తయ్యా. ఈ ఒక్క పూటా ఆవిణ్ణి కడుపునిండా చూడనివ్వండి" అన్నాను. మధ్యాహ్నం మా బ్యాండు ప్రోగ్రాం. మిగతావాళ్ళు వాయిద్యాలు తుడుచుకుంటున్నారు. నేనేమో ఇంట్లో ఉన్న మందపాటి గుడ్డలన్నీ పోగేస్తున్నాను. నాలుగు కర్టెన్లు, రెండు బొంతలు, ఒక పాత కార్పెట్టు.

బ్యాండంటే మేము నలుగురం. గిటారు, పాట, పెత్తనం మా ఆయనవి. డ్రమ్ములు మా మరిదివి. బేస్ గిటారు వాయించేది మా వీధి చివరి దర్జీ, మా ఆయనకి చిన్ననాటి స్నేహితుడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. కీబోర్డు నాది. వైర్ల మూట, టిఫిన్ క్యారియరు, ఎవరు ఏది ఎక్కడ మర్చిపోయారో గుర్తుపెట్టుకోవడం కూడా నావే, కానీ బ్యానరు మీద వాటి ఊసు ఉండదు.

ప్రాక్టీసు మా ముందుగదిలోనే. అక్కడ మేము బ్రహ్మాండంగా వినిపిస్తాం. "చూశావా మన సౌండు!" అని మా ఆయన మీసం దువ్వుతాడు. అది మన సౌండు కాదు మహానుభావా, ఆ పరుపులది, ఆ సోఫాది, నేనింకా మడతపెట్టకుండా కుర్చీలో గుట్టపోసిన బట్టలది అని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. మెత్తటివి చప్పుడుని తాగేస్తాయి, నున్నటివి తిప్పికొడతాయి. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదువుకోలేదు. నేను బళ్ళో పాటల టీచర్ని. మా బడిలో లెక్కలకి గది ఉంది, బొమ్మలకి గది ఉంది, పాటకి మాత్రం పిల్లలు అన్నం తినే హాలిచ్చారు. "పాటకి గదెందుకు టీచర్, గొంతుంటే చాలదూ?" అన్నారు హెడ్మాస్టరు. నలభైమంది పిల్లలు నోరు తెరిస్తే నాలుగొందలమంది అరిచినట్టుండేది. మొదటి నెలలోనే నా గొంతు పోయింది. రెండో నెలలో, ఎవరూ లేనప్పుడు వెళ్ళి హాలంతా తిరుగుతూ చప్పట్లు కొట్టి చూశాను. చప్పుడు ఏ గోడ నుంచి తిరిగొస్తోందో విని, పిల్లల్ని అటునుంచి ఇటు మార్చి, వాళ్ళ సంచులన్నీ గోడవారగా పేర్పించి, ఏడాది తిరిగేసరికి అక్కడ గుసగుసగా పాడినా వినపడేట్టు చేశాను. "ఈమధ్య మీ క్లాసులో గోల తగ్గింది టీచర్" అన్నారు హెడ్మాస్టరు. అంతే, ఆ ఒక్క ముక్కే నాకు దక్కిన మెప్పు.

ఇవాళ్టి ప్రోగ్రాం మామూలుది కాదు. కొత్తగా కట్టిన క్లబ్బు హాల్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాయించడానికి ఒక బ్యాండు కావాలట. ఇవాళ మమ్మల్ని విని, ఊఁ అనో ఊహూఁ అనో తేల్చేస్తారు. ఇన్నాళ్ళూ విందుల్లో గరిటెల చప్పుడు మధ్య వాయించాం. వినడానికే వచ్చి కూర్చున్న మనుషుల ముందు, వారం వారం వాయించే చోటు నాకు కావాలి. ఎంతగా కావాలంటే, రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

హాల్లో అడుగుపెట్టగానే చుట్టూ చూశాను. కుడివైపు నేల నుంచి కప్పు దాకా అద్దాలు. ఎడమవైపు బోడి గోడ. కింద మొహం చూసుకునేంత నున్నటి టైల్సు. ఒక్కసారి చప్పట్లు కొట్టాను. టపటపటపటపమని ఆరేడు తిరిగొచ్చాయి. "అబ్బ! ఎంత గ్రాండుగా మోగుతోందో!" అన్నాడు మా ఆయన.

"మోగుతోంది కాబట్టే భయం. పాట ఒక్క ముక్క తెలియదు. అద్దాల మీద ఈ కర్టెన్లు వేద్దాం" అన్నాను, సంచీ విప్పుతూ.

"ఇదిగో, ఏమిటిది? క్లబ్బులో బట్టలారేస్తావా? చూసినవాళ్ళు నవ్విపోతారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, వాయించడం మానేసి హాలుకి వంకలు పెట్టకు. మడతపెట్టి లోపల పడెయ్."

మడతపెట్టాను. భయపడి కాదు, మడతపెట్టమంటే మడతపెట్టడం నా చేతులకి అలవాటైపోయింది.

మొదటి పాట మొదలైంది. డ్రమ్ములు మూలలో పెట్టడంతో మరిది కొట్టిన ఒక్కో దెబ్బా గుయ్యిమంటూ గదంతా తిరిగొచ్చింది. ఆ హోరులో తన గిటారు తనకి వినపడక మా ఆయన వాల్యూం పెంచాడు. గిటారు పెరిగిందని దర్జీ అన్నయ్య పెంచాడు. ఇద్దరూ పెంచారని మరిది ఇంకాస్త బలంగా బాదాడు. ఇది చాలదన్నట్టు మా ఆయన తన ముద్దుల ఎకో పెడలు నొక్కాడు. హాలే ఉచితంగా ఇంత ఎకో ఇస్తుంటే పైన ఇంకా ఎందుకండీ, జోరువానలో నిలబడి చెంబుతో నీళ్ళు పోసుకున్నట్టు? రెండో పాట సగంలో ఆయన నావైపు తిరిగి అరచెయ్యి కిందికి పెట్టి ఊపాడు. కాస్త తగ్గించు అని. నాకు ఆ చెయ్యి బాగా తెలుసు. ఎక్కడ హాలు బాగోకపోయినా ముందు తగ్గేది కీబోర్డే. తగ్గించాను. మూడో పాటలో మళ్ళీ చెయ్యి ఊగింది. మళ్ళీ తగ్గించాను. వెనక వరసలోవాళ్ళు లేచి బయటికి పోతున్నారు. ఒక పెద్దాయన చెవులు మూసుకున్నాడు. వారం వారం వాయించే చోటు నా కళ్ళముందే చేజారిపోతోంది, నేనేమో బుద్ధిగా తగ్గుతూ కూర్చున్నాను. నాలుగో పాటకి ఏం తోచిందో, వాల్యూం సున్నాకి తిప్పేశాను. చప్పుడు లేకుండా వేళ్ళు మాత్రం ఆడించాను. ఎవరూ గమనించలేదు. చరణం మధ్యలో మా ఆయన విసుగ్గా నావైపు తిరిగి మళ్ళీ చెయ్యి ఊపాడు. కాస్త తగ్గించు!

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత, ఇన్నేళ్ళూ నేను తగ్గిస్తూ వచ్చింది ఏ చప్పుడుని అనిపించింది.

విరామంలో క్లబ్బు సెక్రటరీ వచ్చింది. రిటైరైన నర్సు, మొహమాటం లేని మనిషి. "ఏమనుకోకు బాబూ, ఒక్క మాటా తెలియలేదు. సగం మంది వరండాలో నిలబడ్డారు. ఇలాగైతే నేను కమిటీకి ఏం చెప్పను?" అంది.

"మా ఆవిడ కీబోర్డు కాస్త ఎక్కువైందండీ. చెబుతూనే ఉన్నాను" అన్నాడు మా ఆయన, నావైపు చూడకుండానే.

"నాలుగో పాటలో కూడా తగ్గించమన్నారు కదూ?" అన్నాను.

"మరి? గోలగోలగా ఉంటే అనరా?"

"అప్పుడు నా కీబోర్డు సున్నా మీద ఉందండీ. పాటంతా సున్నాయే. ఇప్పటికీ అక్కడే ఉంది, వచ్చి చూడండి."

ఆయన కదల్లేదు. మరిది వచ్చి వంగి చూశాడు. "ఓరి నాయనో! నిజంగానే సున్నా అన్నయ్యా!" అని పకపకా నవ్వి, అన్న మొహం చూసి నోరు మూసుకున్నాడు. నేను సెక్రటరీ వైపు తిరిగాను. "అమ్మగారూ, నాకు పదిహేను నిమిషాలివ్వండి. ఆ తర్వాత కూడా మాటలు తెలియకపోతే మేమే సర్దుకుని వెళ్ళిపోతాం." ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇరవై తీసుకో తల్లీ" అంది.

ఇక ఎవర్నీ అడగలేదు. కర్టెన్లు బయటికి తీసి, అద్దాల ముందు తాడు కట్టాను. దర్జీ అన్నయ్య నోట్లో గుండుసూదులు పెట్టుకుని తయారైపోయాడు. "సాపుగా వేస్తే లాభం లేదు కదూ చెల్లెమ్మా? కుచ్చులు పొయ్యాలా?" "పొయ్యి అన్నయ్యా, ఎంత కుచ్చుంటే అంత తాగుతుంది." డ్రమ్ముల్ని మూలలోంచి లాగించి కార్పెట్టు మీద పెట్టించాను. కర్రలు లాక్కుని మరిది చేతిలో కుంచెల్లాంటి సన్న పుల్లలు పెట్టాను. "వదినా, వీటితో వాయిస్తే దోమలు తోలినట్టుంటుంది!" "తోలు నాయనా, తోలు." అద్దాల వైపు తిరిగున్న స్పీకర్లని జనం వైపు తిప్పాను. వరండాలో ఉన్నవాళ్ళని సెక్రటరీ లోపలికి తోలుకొచ్చి కుర్చీలు ముందుకి జరిపించింది. బట్టలు కట్టుకున్న మనుషుల్ని మించిన కర్టెన్లుండవు. నా తప్పూ ఒకటుంది, అది కూడా దిద్దుకున్నాను. నా ఎడమచెయ్యి ఎప్పుడూ బేస్ స్వరాల మీద పడి దర్జీ అన్నయ్యతో కలబడేది. ఈ హాల్లో ఆ చేతిని ఒళ్ళో పెట్టుకోవాలనుకుని, సున్నా మీదున్న కీబోర్డు వాల్యూం మళ్ళీ పైకి తిప్పాను. ఆఖరికి మా ఆయన పెడలు వైరు పీకి, ఆయన గిటారు స్పీకరు పెట్టె మీది వాల్యూం మీట ఎనిమిది నుంచి మూడుకి తిప్పాను.

"మూడా? నాకు నేను వినపడొద్దా?" అన్నాడు.

"వాళ్ళకి వినపడతారు. పాట కాస్త నిదానంగా ఎత్తుకోండి. ఒక్కో ముక్కా అన్నాక ఆగండి, గదిని ఊపిరి పీల్చుకోనివ్వండి." అందరూ చూస్తున్నారు కాబట్టి ఆయన గిటారు భుజానికి తగిలించుకున్నాడు.

ఎత్తుకున్నాం. మొదటి మాటకే ముందు వరసలో తలలు లేచాయి. మాట మాటలాగే వెళ్ళి జనాన్ని తాకుతోంది. చెవులు మూసుకున్న పెద్దాయన మోకాలి మీద తాళం వేస్తున్నాడు. రెండో చరణానికి ముందు నా కీబోర్డు ఒక్కటే ఎనిమిది వరసలు వాయించాలి. వాయించాను. ప్రతి స్వరమూ నాకు వినపడింది. హాలు చివరిదాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నేను బాగా వాయిస్తానని నాకు ఎప్పట్నుంచో తెలుసు, కానీ వినడం ఇదే మొదలు. మా ఆయన కూడా బాగా పాడాడు. ఆ మాట దాచుకోను, ఆయన గొంతు నాకెప్పుడూ ఇష్టమే. చివరి పాట అయ్యాక చప్పట్లు మోగాయి, ఒక్కొక్కటీ విడివిడిగా.

"వచ్చే ఆదివారం నుంచి మీరే" అంది సెక్రటరీ, మా ఆయన చాచిన చెయ్యి దాటుకుని నా చెయ్యి పట్టుకుంటూ. "ఏ మాటైనా నీతోనే మాట్లాడతాను తల్లీ, నీ నంబరు చెప్పు." చెప్పాను.

సర్దుకుంటున్నాం. మరిదీ దర్జీ అన్నయ్యా డ్రమ్ములు మోసుకుని బయటికి వెళ్ళారు. మా ఆయన వైరు చుడుతూ చుడుతూ ఆగిపోయాడు. కోపంగా లేడు. పిల్లాడిలా మొహం చిన్నబోయి ఉంది.

"రెండో సగమంతా నా గిటారు నాకు ఒక్క స్వరం వినపడలేదు. వాయిస్తున్నానో లేదో కూడా తెలియలేదు. వచ్చేవారం కొంచెం పెంచుకుంటాను. అలా వాయించడం ఎంత నరకమో నీకు తెలుసా?"

నేను సంచీలోంచి చెరగని స్కెచ్ పెన్ను తీసి, ఆయన గిటారు స్పీకరు పెట్టె మీద, వాల్యూం మీట పక్కన, మూడు దగ్గర నల్లగా గీత గీశాను. సిరా ఆరేదాకా దాని మీద చెయ్యి పడకుండా అడ్డంగా నిలబడ్డాను.

"తెలుసండీ" అన్నాను. "మన పెళ్ళైన దగ్గర్నుంచీ నేను వాయిస్తున్నది అలాగే."