మాఘమాసం కాశీ ఫొటో

శ్రీరామచంద్రమూర్తి మాస్టారు ఆ పూట నోరు విప్పకుండా ఉంటే నూకయ్య బతుకు మరోలా ఉండేది. ఈ మాట అతను కొత్తపేట సంతలో చెప్పాడు, రేవులో చెప్పాడు, పడవెక్కిన ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా చెప్పాడు.

సంగతి తొంభై ఎనిమిదిది. ఏటి ఒడ్డున తొంభై నాలుగు సెంట్ల కొబ్బరితోట నూకయ్య తాతకీ, తాత అన్నగారికీ ఉమ్మడి. ఆ అన్నగారి మనవడు ముత్యాలరాజు తోటంతా కొట్టించి రొయ్యల చెరువు తవ్విస్తానని కొలతలు వేయించాడు. నూకయ్య అడ్డం వెళ్లేసరికి పెట్టెలోంచి పాత దస్తావేజు తీశాడు. రౌద్రి నామ సంవత్సరం మాఘమాసంలో, అంటే 1921లో, నూకయ్య తాత తన సగం అన్నకి అమ్మేసినట్టు అందులో ఉంది. కింద సంతకం.

నూకయ్య ఆరో తరగతి దాటలేదు గానీ ఆ మాఘమాసం అతనికి బాగా తెలుసు. అప్పుడు తాత కాశీలో ఉన్నాడు. ఫొటో ఉంది. తాత వెళ్లిన చోటల్లా నాయనమ్మని పక్కన నిలబెట్టి ఫొటో తీయించుకుని, ఆల్బంలో అంటించి, కింద ఊరూ నెలా సంవత్సరమూ రాసుకునేవాడు. తొంభై ఆరు తుఫానుకి ఇంటికప్పు లేచిపోతే నూకయ్య బియ్యం బస్తా వదిలేసి ఆ ఆల్బాలు చాపలో చుట్టుకుని బయటపడ్డాడు. తర్వాత తనే తీసుకెళ్లి మాస్టారికి అప్పగించాడు. మాస్టారు రిటైరయ్యాక మేడ మీద గదిలో పాత కుటుంబాల ఫొటోలు భద్రం చేస్తున్నారు. ఇనపబీరువాలు, ప్రతి పేజీకీ అడ్డంగా పల్చటి కాగితం, ఒక్కోదానికో నంబరు.

తగువు ఊరి పెద్దమనుషులు ముగ్గురి దగ్గరికి వెళ్తే, వాళ్లు కాగితం మీద తీర్మానం రాశారు. ఫొటో కాశీదైతే దస్తావేజు దొంగది, సగం తోట నూకయ్యది. కాకపోతే ఇంక మాట లేదు, కోర్టుకి వెళ్లడానికి లేదు. ఇద్దరూ ఆ కాగితం మీద సంతకాలు పెట్టారు. తగువు రోజుకి ముందురోజు ముత్యాలరాజు పదిహేను సెంట్లు ఇస్తాను, ఊరుకోమన్నాడు. నూకయ్య నవ్వి పంపేశాడు.

తగువు నాటి ఉదయం మాస్టారు నూకయ్యని గంట ముందే రమ్మన్నారు. బల్ల మీద తాత ఆల్బం పక్కన, ద్రాక్షారామం వాళ్లెవరిదో మరో ఆల్బం తెరిచి ఉంది. అందులోనూ ఒక దంపతులు. వాళ్ల వెనక అవే కాశీ మెట్లు, అదే తాటాకు గొడుగు, మూడో మెట్టు మీద అదే నలుచదరపు మాసిక. రాతిమెట్టుకి ఎవరూ మాసిక వెయ్యరు. అది స్టూడియోలో కట్టే రంగుల తెర. ఆ రెండో ఫొటో అడుగున రాజమండ్రి స్టూడియో ముద్ర కూడా ఉంది.

ఆ రెండోది బీరువాలో పెట్టేయమని నూకయ్య మాస్టారి చేతులు పట్టుకున్నాడు.

మాస్టారు చేతులు విడిపించుకుని, రెండో ఆల్బం బీరువాలో పెట్టి తాళం వేశారు.

"నా అంతట నేను ఆ మాట ఎత్తనయ్యా నూకయ్యా. అడిగేరంటే మాత్రం అబద్ధం ఆడలేను."

పెద్దమనుషులు వచ్చారు. భూతద్దం చేతులు మారింది. అందరిలోకీ పెద్ద అప్పలరాజు గారు ఆల్బం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తాత రాత కూడబలుక్కుని చదివి, తల పంకించారు. నూకయ్య బీరువా వైపు చూడకుండా గోడ మీద క్యాలెండరులో ఆదివారాలు లెక్కపెడుతున్నాడు. అప్పలరాజు గారు కలం టోపీ తీశారు.

ముత్యాలరాజు దగ్గర అడగడానికి ఏమీ మిగల్లేదు. వెటకారం మిగిలింది.

"చినతాత కాశీ ఎళ్ళేరని మా ఇంట్లో ఎవరూ ఎరగరండీ."

"కాశీలో జాంకాయ వదిలేసేరు," అన్నాడు నూకయ్య. "పోయేదాకా ముట్టలేదు."

"జాంకాయ తింటే ఆయనకి కడుపునొప్పండీ. మా నాయనమ్మే వాము నూరి పెట్టేదంట. దానికి కాశీ దాకా ఎందుకురా తమ్ముడూ, గోదాట్లో వదిలినా సరిపోయేది."

పెద్దమనుషులు ముగ్గురూ నవ్వారు. అప్పలరాజు గారైతే నవ్వుతూనే కాగితం దగ్గరికి లాక్కున్నారు. రెండు నిమిషాలు ఓర్చుకుంటే సంతకం పడిపోయేది. కానీ చచ్చిపోయిన తాతని కడుపునొప్పి మనిషిని చేసి నవ్వుతుంటే నూకయ్యకి ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాడు.

"మా తాత కాశీ ఎళ్ళేరో లేదో చెప్పడానికి చదువుకున్న మనిషి ఇక్కడే ఉన్నారు. అడగండి మాస్టార్ని."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

అప్పలరాజు గారి చెయ్యి ఆగింది. "అవునండీ, మాస్టారూ, ఇది కాశీయేనాండీ?"

మాస్టారు నూకయ్య ముఖంలోకి చూశారు. ఆ ప్రశ్న వెనక్కి తీసుకుంటాడేమోనని కాబోలు, కొంచెం ఆగారు కూడా. నూకయ్య మళ్లీ క్యాలెండరు వైపు తిరిగాడు. మాస్టారు లేచి బీరువా తాళం తీశారు.

మెట్లు దిగుతుంటే నూకయ్య గొంతు తగ్గించి పదిహేను సెంట్ల మాట కదిపాడు. అది నిన్నటి మాట అన్నాడు ముత్యాలరాజు, చెప్పులేసుకుంటూ. వారం తిరక్కుండా తోటలోకి ప్రొక్లెయిన్ దిగింది.

నూకయ్యకి పోయింది నలభై ఏడు సెంట్లు, కాపు మీదున్న చెట్లు ముప్పై ఒకటి.