అత్తగారితో ఆకాశంలో

సీసాల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ బుడగ అనే పిలిచేవారు. కొలిమి నుంచి వచ్చిన సీసాలు తెల్లటి లైటు ముందు నుంచి వరసగా కదిలిపోతుంటే, గాజులో గాలిబుడగ చిక్కుకున్న సీసాను కనిపెట్టి పక్కకు తీసేయడం అతని పని. దొరికినప్పుడల్లా "బుడగ!" అని అరిచేవాడు. అలా అరవమని ఎవరూ చెప్పలేదు. అరవకపోతే నిద్ర ముంచుకొస్తుందని అతనే చేసుకున్న అలవాటు అది. చివరికి ఆ మాటే అతనికి పేరై కూర్చుంది. గేటు దగ్గరి కాపలా మనిషి కూడా మర్యాదగా "బుడగగారూ, టోపీ మర్చిపోయారు" అనేవాడు.

ఒక శుక్రవారం భోజనాలు కాగానే మేనేజరు అందరినీ క్యాంటీన్లోనే ఉండమన్నాడు. బయటి నుంచి ఒక ట్రైనర్ వచ్చింది. చిన్న వయసు, పెద్ద గొంతు, చేతినిండా రంగురంగుల మార్కర్లు. "ఈ రోజు మనందరం మన కలల్ని జీవిత ప్రణాళికలుగా మార్చుకుందాం!" అంటూ తెల్లబోర్డు ముందు నిలబడింది. ఒకరు సొంతిల్లు అన్నారు, ఒకరు కారు అన్నారు, ప్యాకింగ్ సెక్షన్ ఆవిడ ప్రమోషన్ అని మేనేజరు వైపు చూస్తూ అంది. కడుపు నిండుగా ఉంది, నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. అరవడానికి సీసాలు లేవు. బుడగకు కళ్ళు మూతలు పడిపోయాయి.

పక్కన కూర్చున్న కొలిమి బాబాయి మోచేత్తో పొడిచాడు. "ఒరేయ్, నిన్నే. నీ కలేంటని అడుగుతోంది."

సగం నిద్రలో ఉన్న మనిషికి కల అంటే ఒకటే అర్థం. తెల్లవారుజామున వచ్చిన దాన్ని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "మా అత్తగారూ నేనూ కలిసి ఆకాశంలో ఎగురుతున్నామండీ. కింద ఊరంతా కనబడుతోంది. ఆవిడ నన్ను ఏమీ అనడం లేదు కూడా."

వెనక బల్ల మీద ఎవరికో పొలమారింది. ట్రైనర్ మాత్రం నవ్వలేదు. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇందాకట్నుంచీ అన్నీ ఎవరి కోసం వాళ్ళు కన్న కలలే విన్నాను. అత్తగారిని కూడా వెంటబెట్టుకుని పైకెళ్ళాలనుకున్న మనిషి మీరొక్కరే!" అంటూ బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'అత్తగారితో ఆకాశం' అని రాసి చుట్టూ ఎర్రటి గీత గీసింది. "ఇప్పుడు దీన్ని ప్లానుగా మారుద్దాం. ఎలా ఎగురుతారు?"

"అది కాదండీ, రాత్రి నాకు..."

"బెలూన్!" అని మేనేజరు లేచి నిలబడ్డాడు. హెడ్డాఫీసుకు పంపడానికి మంచి ఫోటో ఒక్కటీ లేదని ఆయనకు చాలాకాలంగా బెంగ. "ఊరి బయట వేడిగాలి బెలూన్లు ఎగరేసే వాళ్ళున్నారుగా! ఎండాకాలం రాకముందే పంపిద్దాం. ఖర్చు కంపెనీదే."

అందరూ చప్పట్లు కొట్టారు. "బుడగని బుడగలో ఎక్కిస్తున్నార్రా!" అని కొలిమి బాబాయి ఈల వేశాడు.

బుడగకు అప్పటికి పూర్తిగా మెలకువ వచ్చింది. వచ్చి లాభం లేకపోయింది.

అత్తగారంటే అతనికి ఎందుకంత హడలో చెప్పాలి. ఆవిడ ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపింది. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద విడిగా అమర్చిన బ్రేకు మీద పాదం ఆనించి, సగం ఊరికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది. కిందటేడు స్కూలు మూసేసి కూతురి దగ్గరికి వచ్చేసింది. నేర్పడానికి ఇంట్లో అల్లుడు తప్ప ఎవరూ దొరకలేదు. తలుపు ఎలా వెయ్యాలో, టూత్‌పేస్టు ఎక్కడ నొక్కాలో, సోఫాలోంచి నడుము పట్టకుండా ఎలా లేవాలో అన్నీ మళ్ళీ మొదటి నుంచి నేర్పుతోంది.

ఆ సాయంత్రం అతను చెప్పులు విప్పకముందే భార్య ఎదురొచ్చింది. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. అక్కడికి రాని కబురంటూ లేదు.

"ఏమండీ, మా అమ్మతో ఎగురుతున్నారటగా?"

"నీకెవరు చెప్పారు?"

"చెప్పనివాళ్ళెవరో అడగండి, అది తేలిక."

"నీకు దణ్ణం పెడతాను, అత్తయ్యకి మాత్రం చెప్పకు."

"అయ్యో, ఆ ముక్క ఫోన్ చేసి చెప్పాల్సింది కదండీ," అంది భార్య, పెదవులు బిగబట్టుకుని.

హాల్లో అత్తగారు చీర ఇస్త్రీ చేస్తోంది. వెనక్కి తిరగకుండానే అడిగింది. "ఎప్పుడు?"

"అది ఉత్త కల అత్తయ్యా. నిద్రలో వచ్చింది. నేను కోరుకున్నది కాదు."

"అంటే పిలవకుండానే నీ కల్లోకి వచ్చేశానా?"

"అబ్బెబ్బే, అలా కాదు."

"నాతో రావడం ఇష్టం లేదా?"

"ఎందుకుండదండీ!"

"మరింకేం. ఎప్పుడు?" అని ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఇటు తిరిగింది. ఆ ముఖంలో అతను ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడని ఉత్సాహం ఉంది. అది చూసి అతను మరింత భయపడ్డాడు.

అసలు సంగతేమిటంటే అతనికి ఎత్తంటే భయం. స్టూలెక్కి బల్బు మార్చాలన్నా కళ్ళు తిరుగుతాయి. ఆ మాట భార్యకు రహస్యంగా చెప్పుకున్నాడు. ఆ రహస్యం అతను స్నానం చేసి వచ్చేలోపు అత్తగారి చెవిన పడింది.

"ఎత్తంటే భయమా?" అని ఆవిడ చేతులు రుద్దుకుంది. "క్లచ్చు చూసి ఏడ్చినవాళ్ళ చేత లారీలు తోలించాను నేను. రేపు పొద్దున్న నుంచి మొదలు."

మొదట స్టూలు. తర్వాత నిచ్చెన. ఆ తర్వాత డాబా పిట్టగోడ పక్కన నిలబడటం. "కాళ్ళకేసి చూడకు. దూరంగా చూడు. చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది," అని వెనక నుంచి పాఠం. రెండో వారానికి మెయిన్ రోడ్డు మీద నడకదారి వంతెన ఎక్కించింది. మధ్యలో అతను కమ్మీ పట్టుకుని కదలకుండా నిలబడిపోతే, ఇటు నుంచి వచ్చేవాళ్ళనీ అటు నుంచి వచ్చేవాళ్ళనీ చేయి ఊపుతూ పక్కకు తప్పించింది. "కొత్త డ్రైవరండీ, కాస్త చూసుకుని వెళ్ళండి," అని అందరికీ చెప్పింది.

ఇక లాభం లేదని బుడగ ఒక ఎత్తు వేశాడు. బెలూన్ ఎక్కాలంటే డాక్టరు చూడాలట అని అబద్ధం చెప్పి, ఆవిడను వీధి చివరి క్లినిక్కుకు తీసుకెళ్ళాడు. డాక్టరు పాత పరిచయస్తుడే. ముందుగా లోపలికి దూరి గుసగుసలాడాడు. "మా అత్తగారికి అరవై దాటాయి సార్. ఎక్కకూడదని ఒక్క మాట చెప్పండి చాలు."

డాక్టరు ఆవిడ చేతికి పట్టీ చుట్టి చూసి తల పంకించాడు. "అమ్మా, మీ బీపీ చూస్తే ఇరవై ఏళ్ళ పిల్లనుకుంటారు." తర్వాత బుడగ వైపు తిరిగి, "ఇంత చెమట పడుతోందేంటి మీకు? చెయ్యి ఇటివ్వండి," అన్నాడు. అతనికే కాస్త ఎక్కువగా ఉందని తేలింది. ఎగరడానికి అడ్డేమీ లేదు గానీ ఉప్పు తగ్గించమన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో కూరలన్నీ చప్పగా తయారయ్యాయి. భార్య వడ్డిస్తూ, "డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని ఎవరన్నారండీ మిమ్మల్ని?" అని రోజూ అడిగేది.

అనుకున్న రోజు రానే వచ్చింది. తెల్లవారేసరికి ఊరి బయట మైదానంలో రంగురంగుల గుడ్డ పొర్లుతూ, ఉబ్బుతూ, చూస్తుండగానే మూడంతస్తుల మేడంత లేచి నిలబడింది. కింద పేముతో అల్లిన బుట్ట. మేనేజరు ఫోటోగ్రాఫర్‌తో దిగాడు. ట్రైనర్ పూలగుత్తితో వచ్చింది. పైలట్ టోపీ పెట్టుకున్న నెమ్మదస్తుడు. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడే మనిషి కాదు. ఇద్దరికీ చెయ్యిచ్చి బుట్టలోకి ఎక్కించాడు. అత్తగారు ఆ రోజు కోసం బూట్లు కొనుక్కుంది. బుడగ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

తలమీద బర్నరు భగ్గుమంది. కొలిమి పక్కన బతికినవాడు కాబట్టి ఆ శబ్దం, ఆ వేడి అతనికి కొత్తేమీ కాదు. కుదుపు వస్తుందని కాచుకుని కూర్చున్నాడు. ఎంతకీ రాలేదు. ఒక కన్ను తెరిచి చూస్తే మేనేజరు సీసా మూతంత ఉన్నాడు.

దూరంగా చూశాడు. ఏరు, రైలుపట్టాలు, పొగమంచులోంచి తల పైకెత్తిన ఫ్యాక్టరీ గొట్టం. కళ్ళు తిరగలేదు. నిచ్చెన మీద ఉంటే నేల కిందనే ఉందని తెలుస్తూ ఉండేది. ఇక్కడ నేలకూ తనకూ సంబంధమే లేనట్టుంది. గుండె తేలికైపోయి, "అత్తయ్యా, అదిగో మన వీధి!" అని కేకేశాడు.

తిరిగి చూశాడు. ఆవిడ బుట్ట అంచును రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయి ఉంది. కుడికాలు మాత్రం బుట్ట అడుగున టపటపా తొక్కుతోంది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

"బ్రేకు ఎక్కడుందయ్యా దీనికి?"

"లేదమ్మా," అన్నాడు పైలట్.

"స్టీరింగు?"

"అదీ లేదు. గాలి ఎటు తీసుకెళ్తే అటే."

"ఆ మాట కింద ఉన్నప్పుడు చెప్పరేం?" అంది ఆవిడ. ముప్పై ఏళ్ళు పక్కవాడి చేతిలో బండి పెట్టి నిబ్బరంగా కూర్చున్న మనిషి. కాలికింద బ్రేకు ఉండబట్టే అంత నిబ్బరం. ఇప్పుడు అది లేక ముఖం పాలిపోయింది. "అల్లుడూ, నన్ను పట్టుకో. పట్టుకున్నట్టు కనబడకుండా పట్టుకో."

బుడగ ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో అతను ఆవిడకు ఏదైనా చెప్పాల్సి రావడం ఇదే మొదటిసారి. "కాళ్ళకేసి చూడకండి. దూరంగా చూడండి. చూపు ఎటు ఉంటే బండి అటే పోతుందట. నాకొక పెద్దావిడ నేర్పింది."

ఆవిడ కోపంగా చూసింది. తర్వాత దూరంగా చూసింది. కాసేపటికి కాలు తొక్కడం ఆగింది.

"మరి ఈ పైలట్‌బాబు చేసే పనేంటి? గాలే నడిపేస్తే?" అని సన్నగా అడిగింది.

పైలట్ మొదటిసారి నవ్వాడు. గాలి ఒక్కో ఎత్తులో ఒక్కో వైపు వీస్తుందనీ, కావలసిన గాలి కోసం పైకో కిందికో జరుగుతామనీ చెప్పాడు.

"అంటే గేర్లన్నమాట!" అంది ఆవిడ. మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. మోచెయ్యి విడిపించుకుంది. "అయితే ఆ పొగ చూడండి, ఎడమకి పోతోంది. మనం కిందికి దిగితే ఎడమకి పోతామా? పోనివ్వండి, చూద్దాం."

అంతే. ఆ తర్వాత పైలట్‌కు నోరు తెరిచే అవకాశం దొరకలేదు. "ఇప్పుడు కొంచెం మంట... చాలు... అబ్బ, అంత తొందరేంటి?" అని ఆవిడ చెబుతుంటే అతను నిజంగానే రెండుసార్లు ఆవిడ మాట విన్నాడు. బుడగ బుట్ట అంచుకు ఆనుకుని, తిట్లు తన మీద పడనందుకు హాయిగా ఊరు చూసుకున్నాడు.

చివరికి ఒక క్యాబేజీ తోటలో దిగారు. తోట యజమాని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "నా క్యాబేజీలన్నీ తొక్కేశారు! కళ్ళు లేవా?"

"నాలుగే పోయాయి. మీరు పరుగెత్తుకొచ్చి అరడజను తొక్కారు," అంది అత్తగారు, బుట్టలోంచి దిగుతూ. "ఆ కర్ర పడేసి ఈ గుడ్డ ఆ కొస పట్టుకోండి. అలా కాదు. మడత లోపలికి." అతను నోరు మూసుకుని పట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఒక క్యాబేజీ కూడా చేతిలో పెట్టాడు.

కార్లో ఇంటికి వస్తూ ఆవిడ కిటికీలోంచి చూస్తూనే అంది. "బ్రేకు సంగతి మా అమ్మాయికి చెప్పావో, జన్మలో నీకు ఉప్పు దొరకదు."

"ఏ బ్రేకు అత్తయ్యా?" అన్నాడు బుడగ.

ఫోటో హెడ్డాఫీసుకు వెళ్ళింది. దాంతో ఆ కథ అయిపోయిందని ఫ్యాక్టరీలో అందరూ అనుకున్నారు. ఇంట్లో మాత్రం అయిపోలేదు. వారం తిరక్కుండానే అత్తగారు బెలూన్ కంపెనీకి వెళ్ళి, బెలూన్ వెనకాలే నేల మీద వెంబడించే ట్రక్కుకు డ్రైవరుగా చేరింది. "ఈ వయసులో ఎందుకమ్మా?" అని కూతురు అంటే, "ఇంట్లో కూర్చుని మీ ఆయనకు తలుపెయ్యడం ఎన్నాళ్ళు నేర్పను?" అంది. ఏడాది పాటు ట్రక్కు తోలింది. ఆ తర్వాత పైలట్ దగ్గరే పాఠాలు మొదలుపెట్టింది. మబ్బుల గురించి లావుపాటి పుస్తకం తెచ్చుకుంది. సాయంత్రాలు బుడగ ప్రశ్నలడిగేవాడు, ఆవిడ జవాబులు చెప్పేది. మొదటిసారి పరీక్ష తప్పింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మౌనం భరించలేక బుడగే పుస్తకం పట్టుకెళ్ళి ఆవిడ మంచం పక్కన కూర్చున్నాడు. "మొదటి నుంచి అడగనా?" ఆవిడ గోడవైపు తిరిగే, "అడుగు," అంది. రెండోసారి గట్టెక్కింది.

లైసెన్సు చేతికొచ్చాక ఆవిడ మొదటిసారి ఎక్కించుకున్నది కూతుర్నీ అల్లుణ్ణీ. ఇన్నాళ్ళూ ఇద్దర్నీ చూసి పడీపడీ నవ్విన కూతురు, చెట్టుకొమ్మలు దాటకముందే బుట్టలో చతికిలబడి తల్లి కాళ్ళు చుట్టేసింది.

"అమ్మా, దింపెయ్యవే! నీకు పుణ్యముంటుంది, దింపెయ్యవే!"

"కాళ్ళు వదులు ముందు. తోలేవాళ్ళ కాళ్ళు పట్టుకుంటారటే ఎక్కడన్నా?"

"ఏమండీ, మీరైనా చెప్పండి!"

బుడగ బుట్ట అంచుకు ఆనుకుని ఊరిని చూస్తున్నాడు. అత్తగారి వైపు చూశాడు. ఆవిడ ఇతని వైపు చూసింది.

"అత్తయ్యా," అన్నాడు అతను, "ఇంకాస్త పైన గాలి బాగుంటుందేమో?"

ఆవిడ చెయ్యి పైకెత్తి మంట పెద్దది చేసింది.