మేం గీసిన హాలు

భీమశంకరరావు గారి ముఖం మాడిపోవడం చూడాలని ఏడాది పాటు కోరుకున్నాను. పరీక్ష పాసవ్వాలని కూడా అంత గట్టిగా కోరుకోలేదు. ఆయన మా యూనివర్సిటీ లైబ్రేరియన్. మనిషి పొడుగు, మాట తీపి. ఆ తీపికే మేం పడిపోయాం.

అది రెండువేల రెండు. లైబ్రరీ కింది అంతస్తులో పాత పుస్తకాలు పడేసిన గోడౌన్ ఒకటుండేది. దాన్ని ఖాళీ చేయించి చదువుకునే హాలు కట్టిస్తామని, అది ఎలా ఉండాలో విద్యార్థులే చెప్పాలని ఆయన ఒక కమిటీ వేశారు. మొదటి మీటింగుకి టీ, బిస్కెట్లు ఇచ్చారు కాబట్టి చాలామంది వచ్చారు. రెండోదానికి ముగ్గురం మిగిలాం. నేను, సన్యాసమ్మ, సందీప్.

మా ఊరు పద్మనాభం. మా నాన్న వరి పండిస్తాడు. తెల్లారే మొదటి బస్సెక్కి వస్తే, లైబ్రరీ తలుపులు తీసేదాకా మెట్ల మీద కూర్చోవాలి. మెట్ల మీదకి ఎండొస్తే వరండా, వరండాలోంచి తరిమితే క్యాంటీన్ వెనక గోడ. సన్యాసమ్మది తగరపువలస. వాళ్ళ నాన్నకి అక్కడ మార్కెట్లో ఎండు చేపల కొట్టుంది. మా ఇద్దరిదీ ఒకే క్లాసు, ఒకే గోడ. సందీప్ స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ కుర్రాడు, వాళ్ళ నాన్న గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. ఇంట్లో సొంత గది, సొంత టేబులు ఉండి కూడా మా తరఫున వాదించేవాడు. అందుకని ఆ గదినీ టేబులునీ క్షమించేశాం.

హాలు గీసింది మాత్రం సన్యాసమ్మే. ఖాళీ అయిన గోడౌన్ నేల మీద చాక్‌పీసుతో టేబుళ్ళు, కుర్చీలు గీసి, ఆ గీతల్లో నన్నూ సందీప్‌నీ కూర్చోబెట్టేది.

“ధనం, ఇక్కడ కూకో. రాస్తన్నట్టు సెయ్యి పెట్టు. సందీపు మోసెయ్యి తగల్తందేటి? అయితే టేబులు ఇంకాస్త ఇటు జరగాల.”

కిటికీల దగ్గర అసలు రాజీ పడలేదు. బస్టాపు వైపు గోడకి, కూర్చున్నా రోడ్డు కనిపించేంత కిందకి కావాలంది. “బస్సు పోతదని గంట ముందే వొచ్చి బయట నిలబడతన్నాం గదా సార్. కిటికీలోంచి బస్సు అవుపడితే అందాకా సదువుకుంటాం” అని భీమశంకరరావు గారికే చెప్పింది. పక్కన చిన్న గది, అన్నం తినడానికి. అందులో కుళాయి. ఆడపిల్లలకి లోపలే బాత్రూము. మొదటి బస్సు వేళకే తలుపు తియ్యాలి. ఆయన అన్నిటికీ తలూపారు. శభాషన్నారు. అన్నట్టే కట్టించారు కూడా, ఒక్క అంగుళం తేడా లేకుండా. ఆ మాట చెప్పకపోతే నాకే పాపం.

హాలు తెరిచిన రోజు వెళ్ళేసరికి తలుపు మీద కొత్త బోర్డు వేలాడుతోంది. అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు మాత్రమే ప్రవేశం. ఎవరో పొరపాటున పెట్టి ఉంటారనుకున్నాం. మేం గీసిన హాల్లోకి మమ్మల్నే రావద్దంటారని ఎందుకనుకుంటాం? లోపలికి వెళ్ళాం. మధ్యాహ్నం సన్యాసమ్మ ఆ చిన్న గదిలో క్యారేజీ విప్పింది. ఎండు చేపల పులుసు. అప్పుడే భీమశంకరరావు గారు ఎవరో అతిథులకి హాలు చూపిస్తూ అటొచ్చారు.

“ఇదేమన్నా మీ సంత అనుకున్నావా? ముందు ఆ కంపు బయటికి తీసుకెళ్ళు. నువ్వు కూడా దాంతోపాటే వెళ్ళు.”

అతిథులు నవ్వారు. సన్యాసమ్మ తలొంచుకుని క్యారేజీ సర్దబోతే మూత పట్టలేదు. నేను పెట్టాను. బస్టాపుకెళ్ళి నిలబడ్డాం. బస్సు ఎంతకీ రాలేదు. ఆమె పట్టుబట్టి పెట్టించిన కిటికీల్లోంచి లోపలివాళ్ళంతా ఆమెనే చూస్తూ కూర్చున్నారు.

మర్నాటి నుంచి ఆమె కాలేజీకి రాలేదు. పరీక్షలకీ రాలేదు. ఇంటికెళ్ళి బతిమాలితే, “దగ్గరికొచ్చి సూడే. నా కాడ వాసనొత్తందేటే?” అని అడిగింది. రావట్లేదే అంటే నమ్మలేదు. క్లాసులో నాకన్నా తెలివైన పిల్ల, ఒక్క మాటకి కొట్లో కూర్చుండిపోయింది. తిరుగు బస్సులో తగరపువలస నుంచి పద్మనాభం దాకా పళ్ళు కొరుక్కుంటూనే వెళ్ళాను. వీడి సంగతి చూడకపోతే నా పేరు ధనలక్ష్మి కాదనుకున్నాను. గారు అనడం ఆ బస్సులోనే మానేశాను. ఇప్పుడు రాస్తున్నప్పుడు మాత్రం మర్యాద కోసం పెడుతున్నాను.

నా వంతు మరుసటి ఏడు వచ్చింది. యూనివర్సిటీకి గ్రేడు ఇవ్వడానికి ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తుందన్నారు. గోడలకి సున్నాలు, కుండీల్లో కొత్త మొక్కలు. భీమశంకరరావు గారు నన్ను గదికి పిలిచి కుర్చీ చూపించారు.

“లైబ్రరీని విద్యార్థులే రూపొందించుకున్నారని రిపోర్టులో రాశామమ్మా. కమిటీ తరఫున నువ్వు మాట్లాడాలి. నీకొక్కదానికి హాలు పాస్ ఇప్పిస్తాను.”

“తప్పకుండా మాట్లాడతాను సార్” అన్నాను. అంత వినయం నాలో ఉందని నాకే తెలీదు.

మా బస్సుల్లో ఒక పద్ధతుంది. రద్దీగా ఉన్న బస్సు ఆగీ ఆగగానే కిటికీలోంచి కర్చీఫో తువ్వాలో సీటు మీద వేసేస్తాం. మనకి అందకపోతే లోపలున్న వాళ్ళకిస్తే వాళ్ళు వేస్తారు. ఆ గుడ్డ పడ్డాక సీటు మనదే. ఆర్టీసీ రూల్సులో ఈ మాట ఉండదు, కానీ ఎంత మొనగాడైనా దాన్ని తీసి కూర్చోడు. కూర్చుంటే బస్సు బస్సంతా మీద పడుతుంది.

తనిఖీ రోజు పొద్దున్నే పద్మనాభం బస్సు ఆడపిల్లలు, తగరపువలస బస్సు ఆడపిల్లలు, భీమిలి వైపు నుంచి వచ్చేవాళ్ళు అందరం ఆ కిటికీల దగ్గర చేరాం. గాలి కోసం రెక్కలు తీసే ఉన్నాయి. కిందకి ఉన్న కిటికీలు కాబట్టి చెయ్యి సులువుగా పెట్టొచ్చు. సందీప్ అప్పటికి ఎంఫిల్‌లో చేరాడు, వాణ్ణి ఎవరూ ఆపరు. మేం అందిస్తుంటే వాడు పరిచాడు. కర్చీఫులు, చున్నీలు, క్యారేజీ కింద పెట్టుకునే గుడ్డలు. ఒక్క కుర్చీ కూడా ఖాళీ వదల్లేదు.

బృందం వచ్చింది. పెద్దాయన ఒకరు ముందు, వెనక నలుగురైదుగురు, పక్కన భీమశంకరరావు గారు కోటు వేసుకుని. తలుపు దగ్గర నేను నమస్కారం పెట్టాను. లోపల చూసి భీమశంకరరావు గారు ఆగిపోయారు.

“ఇవన్నీ ఏమిటి? తియ్యి, తియ్యి” అని అటెండరు జగ్గయ్యని గసిరారు.

జగ్గయ్య కదల్లేదు. “కర్సీపేసిన సీట్లు బాబూ. నాను తీస్తే ఆల్లొచ్చి నన్ను తిడతారు” అన్నాడు. అతనూ మా బస్సే.

పెద్దాయన ఫక్కున నవ్వారు. తెలుగాయన. “మా వైపు తువ్వాలు వేస్తాం. ఎవరమ్మా ఇన్ని సీట్లు ఆపుకున్నది?” అని నన్నడిగారు.

“హాలు గీసినవాళ్ళం సార్. మేమే గీశామని మీకు చెప్పమన్నారు. కట్టినప్పట్నుంచీ కూర్చోవడానికి వీల్లేదన్నారు కదా, ఇవాళైనా కూర్చుందామని వచ్చాం.”

ఆ మాటకే మావాళ్ళంతా క్యారేజీలతో లోపలికొచ్చి ఎవరి గుడ్డ దగ్గర వాళ్ళు కూర్చున్నారు. పుస్తకాలు తీశారు.

పెద్దాయన తలెత్తి బోర్డు చదివారు. తర్వాత భీమశంకరరావు గారి వైపు తిరిగారు.

“అది... పాత బోర్డు సార్. తీయించడం మర్చిపోయాం” అన్నారు ఈయన.

“ఇప్పుడు తీసేద్దామా సార్?” అన్నాను. ఆ ఒక్క మాట కోసమే ఏడాది బతికాను.

జగ్గయ్యకి అందదు. ఎక్కడానికి కుర్చీ లేదు, అన్నిట్లోనూ మావాళ్ళు కూర్చున్నారు. అందేది పొడుగు మనిషికే. భీమశంకరరావు గారు చేతులు పైకెత్తి, మునివేళ్ళ మీద లేచి, తీగ ముడి విప్పడానికి తంటాలు పడ్డారు. చెవుల దాకా ఎర్రబడ్డారు. కోటు పైకి జరిగి చొక్కా బయటికొచ్చింది. బోర్డు ఊడి చేతిలోకి వచ్చాక దాన్నెక్కడ పెట్టాలో తెలీక, చంకలో పెట్టుకుని అలాగే తనిఖీ అంతా తిరిగారు. కడుపు నిండా చూశాను. ఇంకా కావాలనిపించింది.

ఆ హాలు ఆరోజు నుంచి మాదే. అంతమంది ముందు మాదని ఒప్పుకున్నాక మళ్ళీ ఎలా తాళం వేస్తారు? మొదటి బస్సు వేళకే జగ్గయ్య తలుపు తీస్తున్నాడు.

కానీ రిపోర్టు వచ్చింది. విద్యార్థుల్ని కలుపుకుని హాలు కట్టించినందుకు, కర్చీఫులేసి సీట్లు ఆపుకునే స్వేచ్ఛ ఇచ్చినందుకు లైబ్రేరియన్‌ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారట. యూనివర్సిటీకి మంచి గ్రేడు, ఆయనకి సన్మానం, ప్రమోషన్. శాలువా కప్పుకున్న ఫొటో పేపర్లో చూసి ఆ పూట అన్నం తినలేకపోయాను.

తగరపువలస వెళ్ళాను. సన్యాసమ్మ కొట్లో బస్తాల మధ్య కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పాను. హాలు మనదైందే, ఫీజు నేను మాట్లాడతాను, వచ్చేయ్, నీకు కిటికీ దగ్గర సీటు ఆపుతాను అన్నాను.

“నాను రాను” అంది. కోపంగా కాదు, ఎప్పుడో తేలిపోయిన విషయం చెప్పినట్టు. తక్కెట్లో చేపలు సర్దుతూ తలెత్తకుండా అడిగింది. “అయితే ఆడి ఉజ్జోగం ఊడిపోనాదేటి?”

పేపరు నా సంచీలోనే ఉంది.

“ఊడింది” అన్నాను.

అప్పుడు తలెత్తింది. ఏడాదిలో మొదటిసారి ఆమె పళ్ళు కనిపించేలా నవ్వడం చూశాను. తక్కెడ పక్కన పెట్టి నాకు చోటిచ్చింది.

“మల్లీ సెప్పే. బోర్డు కాడ్నించి సెప్పు.”

బస్తా మీద కూర్చుని బోర్డు దగ్గర్నుంచి మళ్ళీ చెప్పాను. ఈసారి ఆయన్ని ఏడిపించాను.