గొట్టంలో దిగిన ఎండ

నేను చిరిగిన బట్టలకు రఫూ చేస్తాను. దారం మీద దారం అల్లి, అక్కడ అసలు చిరగనే లేదని నమ్మించడం నా పని. దానికి సూది ఎంత ముఖ్యమో ఎండా అంతే ముఖ్యం. బల్బు కింద నలుపూ ముదురు నీలమూ కవల పిల్లల్లా ఉంటాయి. ఎండలోకి తెస్తేనే దేని మొహం దానిది.

మా తమ్ముడిది చీకటి గదుల్లోకి ఎండను దించే పని. డాబా మీద గాజు బుడగ, దాని కింద లోపలంతా అద్దంలా మెరిసే గొట్టం, గది కప్పుకు పాలరంగు మూత. ఇల్లు పంచుకునేటప్పుడు మేడ మీద కిటికీ ఉన్న గది నాకు రావాల్సింది.

"పెళ్ళయినవాణ్ణి అక్కా, మేడంతా నాకొదిలెయ్. కింద నీ గదిలోకి సూర్యుణ్ణే దించుతాను" అన్నాడు.

నేను ఎత్తుకుని పెంచినవాడు. మారు మాట్లాడకుండా కింద చీకటి గదిలోకి మారిపోయాను.

మూత వెలిగిన రోజు ఇరుగుపొరుగునంతా పిలిచి చూపించాను, మా తమ్ముడి పనితనం అని. పొద్దున్నే వెలిగేది, పొద్దుగూకగానే ఆరేది. మబ్బు పట్టినా తగ్గదేమిట్రా అని ఓసారి అడిగాను.

"లోపలి రేకు అలాంటిదక్కా" అన్నాడు. వాడి పని వాడికి తెలియదా అనుకున్నాను.

తర్వాత బట్టలు తిరిగి రావడం మొదలైంది. మొదట బ్యాంకు మేనేజరు గారి నీలం కోటు.

"ఏంటమ్మా ఇది, మోచేతి మీద ఈగ వాలినట్టుంది!" అన్నాడాయన, గుమ్మం బయట నిలబడి.

ఎండలో చూస్తే నిజమే. నీలం కోటుకు నల్లదారం వేశాను. సరిచేయమని కోటు పడేసి వెళ్ళాడు. ఆ వెంటనే ఒక శాలువా, ఒక లాగు. నా చేతి పనికి ఇంతకుముందు ఎవరూ వంక పెట్టలేదు. తల తీసేసినట్టయింది.

తమ్ముడితో చెప్పుకుంటే భుజం తట్టాడు. "వయసు మీద పడుతోంది కదక్కా. ఓసారి కళ్ళు చూపించుకో."

చూపించుకున్నాను. డాక్టరు ఏమీ లేదంటే డాక్టర్నే అనుమానించాను. ముదురు రంగు బట్టలు ఒప్పుకోవడం మానేశాను. సరిచేయడానికి ధైర్యం చాలక కోటును పెట్టెలో పెట్టేశాను.

మొన్న మరదలు పుట్టింటికి వెళ్ళింది. మర్నాడు నా గదిలో తెల్లవారలేదు. వీధిలోకి తొంగి చూస్తే ఎండ చుర్రుమంటోంది. గొట్టంలో పిట్ట ఏదైనా గూడు పెట్టిందేమోనని మేడెక్కి తలుపు కొట్టాను. తమ్ముడు కళ్ళు నులుముకుంటూ తీశాడు.

"ఒరేయ్, నా గదిలోకి ఎండ రాలేదురా."

"అయ్యో, మర్చేపోయా!" అంటూ నిద్రమత్తులో గోడ మీదికి చెయ్యి పోనిచ్చి స్విచ్చు నొక్కాడు.

కింద నేను తెరిచి వచ్చిన తలుపులోంచి మెట్ల మీదికి వెలుతురు పడింది. ఇద్దరం దాన్ని చూశాం. వాడి నిద్రమత్తు వదిలిపోయింది.

వాణ్ణి పక్కకు నెట్టి లోపలికి వెళ్ళాను. వాళ్ళ వంటింటికీ కిటికీ లేదు. అయినా పొయ్యి గట్టు మీద, గిన్నెల మీద అసలు సిసలైన ఎండ. డాబా మీంచి దిగిన గొట్టం ఆ వంటింటి కప్పు దగ్గరే ఆగిపోయింది.

"నీ గదిదాకా దించితే వంటింటి మధ్యలో స్తంభంలా అడ్డొస్తుందని ఆవిడ ఒప్పుకోలేదక్కా. అయినా నీకు వెలుతురేగా కావాల్సింది? మూత లోపల మంచి లైటే పెట్టాను."

"అంటే రోజూ పొద్దున్నే లేచి నాకు తెల్లవారేట్టు చేస్తోంది మీ ఆవిడేనన్నమాట. సరే, లైటే పెట్టావు. మరి కోటు తిరిగొచ్చినప్పుడు నన్ను కళ్ళు చూపించుకోమన్నావే, అదెందుకురా?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నా కళ్ళు బాగానే ఉన్నాయన్న సంతోషమూ కలిగింది. ఆ సంతోషం వీడి చేతుల మీదుగా దొరికినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

కిందికి వెళ్ళి సూదులపెట్టె, కోటు తెచ్చాను. గట్టు మీది గిన్నెలన్నీ నేల మీదికి దించి, ఆ ఎండలో కోటు పరిచి, నల్లదారాలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాను.

"అక్కా, మరి వంట..."

"కింద నా గదిలో చేసుకోండి. మంచి లైటుందిగా" అన్నాను, నీలం దారం మొదటిసారికే సూదిలోకి ఎక్కిస్తూ.