పదిహేడో నంబరు గిలక

నేను ఒక గిలకను. ఆ మాట చెప్పుకుందామంటే వినే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నన్ను ఎక్కడ బిగించాలన్న తగువు అప్పటికే గంటసేపటి నుంచి నడుస్తోంది.

"వీధి తలుపుకి మేకు దిగనివ్వను. రాజమండ్రి నుంచి తెప్పించిన టేకది," అన్నాడు ఇంటి యజమాని సూరిబాబు, నాలుగోసారి.

"నట్టింట్లో గుమ్మానికి తాడు వేలాడదీస్తారేంట్రా? చూసినోళ్ళు ఏవనుకుంటారు?" అంది ఆయన తల్లి మంగాయమ్మ. "అయినా గిలకన్నది బావికుండాలి గానీ మనిషికెందుకూ? నాలుగ్రోజులు రుబ్బురోలు తిప్పమను, ఆ చెయ్యి చచ్చినట్టు లేస్తుంది."

"మామ్మా, మనింట్లో రుబ్బురోలెక్కడుంది?" అంది డిగ్రీ చదివే మనవరాలు లిఖిత, ఫోనులోంచి తల ఎత్తకుండా. "నా గదిలో మాత్రం వద్దు, ముందే చెప్తున్నా."

ఎవరి చెయ్యి కోసం నేను వచ్చానో ఆ మనిషి, సూరిబాబు భార్య సత్యవేణి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. చివరకు వంటింటికీ హాలుకీ మధ్య గుమ్మం ఖాయమైంది. ఇంటిల్లిపాదీ రోజుకి వందసార్లు దాటే గుమ్మం అది. ముగ్గురు మనుషులు కలిసి ఆలోచిస్తే తెలివి ఎంత తగ్గుతుందో ఆ రోజే చూశాను.

నేను కాకినాడలో ఒక వర్క్‌షాపులో లేతు మిషను మీద పుట్టాను. నైలాన్ చక్రం, ఇనప కొక్కెం, తెల్లతాడు, తాడుకి రెండు చివర్లా రెండు కర్ర పిడులు. అంతే నేను. భుజం బిగుసుకుపోయినవాళ్ళు నా కింద కుర్చీ వేసుకుని, బాగున్న చేత్తో ఒక పిడిని కిందికి లాగితే, రెండో పిడితోపాటు బాగాలేని చెయ్యి పైకి లేస్తుంది. పూటకి పది నిమిషాలు, రోజుకి రెండు పూటలు. చిన్నపిల్లలకి చెప్పినా అర్థమవుతుంది. అందుకే కాబోలు, పెద్దవాళ్ళు చెయ్యరు.

ఫిజియోథెరపీ కాలేజీవాళ్ళు నాలాంటివాటిని నలభై కొన్నారు. ఇంట్లో చేసుకోమని చెప్పిన వ్యాయామాన్ని జనం నిజంగా ఎంత చేస్తారు, చేస్తే ఎంత నయమవుతుంది అన్నది వాళ్ళ పరిశోధన. నా పక్కన ఎర్రరంగుతో పదిహేడు అని రాశారు. ఒక్కో ఇంట్లో పన్నెండు వారాలు ఉండాలి. నాకు తోడు ఒక పచ్చ అట్ట పుస్తకం. వ్యాయామం చేసిన పూట అందులో గడిలో టిక్కు పెట్టుకోవాలి. ఎవరు ఎంత చేశారో నా తాడు చూస్తే చాలు, అరుగుదల చెబుతుంది. కానీ మనుషులు మనుషుల్నే అడుగుతారు. పైగా కాగితం మీద అడుగుతారు.

మొదటి ఇల్లు ఒక రిటైరైన హెడ్ కానిస్టేబుల్‌ది. "లాఠీ పట్టిన చెయ్యండి ఇది, నెల తిరక్కుండా లేపేస్తాను," అన్నాడు. తొమ్మిదో రోజున నా పిడికి తన బెల్టు తగిలించాడు. పుస్తకంలో మాత్రం పన్నెండు వారాలూ ఒక్క పూట నాగా లేకుండా డ్యూటీ చేశాడు. రెండోది ఒక బ్యాంకు మేనేజరమ్మ ఇల్లు. నొప్పిగా ఉన్న రోజు నొప్పిగా ఉందని మానేసేది, నొప్పి లేని రోజు తగ్గిపోయింది కదా అని మానేసేది. గడువయ్యాక నన్ను తిరిగి ఇచ్చేస్తూ, "వీటివల్ల ఏమీ ఉండదండీ," అంది. మనిషి చేతి బరువెంతో నాకు తెలుసు. మాట బరువు కూడా ఆ రెండిళ్ళలోనే తెలిసిపోయింది.

సత్యవేణిది మూడో ఇల్లు. ఆవిడ ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచరు. పదో తరగతికి ఇరవయ్యొక్కేళ్ళుగా ఆవిడే చెబుతోంది. ఇప్పుడు కుడిచెయ్యి ఛాతీ ఎత్తు దాటి లేవడం లేదు. బోర్డు కింది సగంలోనే రాస్తోంటే వెనక బెంచీల పిల్లలు లేచి నిలబడి చూస్తున్నారు. కరస్పాండెంటు పిలిచి మర్యాదగానే చెప్పాడట, జూన్‌లో బడి తెరిచేసరికి బోర్డు పైదాకా రాయగలిగితే పదో తరగతి ఆవిడదే, లేకపోతే యూకేజీకి మారుస్తానని. "అక్కడ బోర్డు కిందికే ఉంటుంది కదమ్మా," అన్నాడట. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు సూరిబాబు, "మంచిదే, పేపర్లు దిద్దే బాధ తప్పుద్ది," అన్నాడు. అప్పుడు ఆవిడ ముఖంలోకి చూసింది నేనొక్కడినే.

ప్రతి శనివారం నౌషీన్ అనే పరిశోధక విద్యార్థిని స్కూటీ మీద వచ్చేది. ఎండకి ముఖం ఎర్రబడి, చున్నీతో తుడుచుకుంటూ, సంచిలోంచి పెద్ద కోణమానిని లాంటిది తీసి సత్యవేణి చెయ్యి ఎంత లేస్తోందో కొలిచేది. మొదటి రోజు డెబ్బై డిగ్రీలు.

"నూట యాభై వస్తే బోర్డు పైకి అందుతుందండి టీచర్‌గారూ. రోజూ చేస్తే వస్తది. మీరు చేస్తారు, నాకు తెలుసు."

"చేస్తానమ్మా," అంది సత్యవేణి.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఒంటిపూట బడి నుంచి వచ్చి, కుర్చీ లాక్కుని, పిడులు పట్టుకునేది. మూడు లాగుళ్ళు అయ్యేవో లేదో, "ఏమేయ్, నా కళ్ళజోడెక్కడ పెట్టావ్?" అని హాల్లోంచి పిలుపు వచ్చేది. కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉండేది. మళ్ళీ కూర్చుంటే, "సత్తెవేణీ, పాలు పొంగుతున్నట్టున్నాయ్ చూడు." మళ్ళీ కూర్చుంటే లిఖిత కుర్చీ వెనకనుంచి దూరి వెళ్ళాలి, ఆవిడ లేవాలి. పిలిచిన ప్రతిసారీ ఆవిడ పలికింది. మూడో వారానికి నా ఒక పిడికి సూరిబాబు చొక్కా, రెండో పిడికి తడి తువ్వాలు చేరాయి.

"గిన్నెలు తోముతున్నావు, ఇల్లు ఊడుస్తున్నావు, అదంతా వ్యాయామం కాదా?" అనేవాడు సూరిబాబు. ఆ రెండు పనులకీ చెయ్యి కిందికే ఉంటుందన్న సంగతి అంత పెద్ద మనిషికి తట్టలేదు.

ఇక సత్యవేణి. ఆవిణ్ణి కూడా నేను వదలను. శనివారం పొద్దున్న నా మీది బట్టలు తీసేసి, ఇడ్లీ ఉడికేలోపు పచ్చపుస్తకం ముందేసుకుని వారం టిక్కులన్నీ ఒక్కసారే పెట్టేది. ఎంత పకడ్బందీగా పెట్టేదో! నాలుగు రోజులవి నీలం పెన్నుతో, మూడు రోజులవి నల్లపెన్నుతో. అక్కడక్కడా ఒక గడి ఖాళీ, ఉగాది రోజు రెండు పూటలూ ఖాళీ. అన్నీ నిండితే అనుమానం వస్తుందని ఇరవయ్యొక్కేళ్ళుగా పిల్లల హోంవర్కులు పట్టుకున్న మనిషికి తెలియదా? ఒకసారి లిఖిత చూసి నవ్వింది.

"ఇదేంటమ్మా, దొంగ హోంవర్కు!"

"పాపం ఆ పిల్ల ఎండన పడి వస్తోందే. చెయ్యలేదంటే చిన్నబుచ్చుకుంటుంది," అంది సత్యవేణి.

పరిశోధన చేసే పిల్లకి నిజం కావాలి. ఆవిడ మజ్జిగా, టిక్కులూ ఇచ్చి పంపేది.

ఏప్రిల్‌లో, నేను ఆ ఇంటికొచ్చాక పదో శనివారం వచ్చింది. నౌషీన్ కొలిచింది. డెబ్బై నాలుగు. మళ్ళీ కొలిచింది. పుస్తకం తిరగేసి చూసి ముఖం వేలాడేసింది.

"నూటికి తొంభై నాలుగు పూటలు చేశారండి మీరు. నా జాబితాలో మీరే మొదటి స్థానం. అయినా నాలుగు డిగ్రీలే వచ్చాయి. ఇంత చేసినా ఈ వారమూ కదలకపోతే ఇక వ్యాయామంతో కాదు, మత్తిచ్చి చెయ్యి బలవంతంగా పైకి లేపాల్సిందేనన్నారు మా సార్. వచ్చే శుక్రవారానికి ఆస్పత్రిలో తేదీ కూడా రాసిచ్చారు. ఒక్కోసారి ఎముక విరగొచ్చు, అది కూడా చెప్పమన్నారు." కొలత పరికరం సంచిలో పెట్టుకుంటూ, "మీలాంటివాళ్ళని చూసే, ఇంట్లో చేసే వ్యాయామం వల్ల లాభం లేదని రాయాల్సి వస్తుందేమోనండి," అంది.

సత్యవేణి పచ్చపుస్తకం ఆ పిల్ల చేతిలోంచి తీసుకుని మూసేసింది.

ఆ పిల్ల వెళ్ళాక సూరిబాబు, "మత్తులోనే కదా, నొప్పి తెలీదు. చేయించేసుకో," అన్నాడు. "నేను చెప్పలా, గిలకతో ఏమవుద్దీ అని?" అంది మంగాయమ్మ. నా మీద అప్పటికే మళ్ళీ రెండు చొక్కాలు, ఒక లంగా ఆరుతున్నాయి.

మర్నాడు పొద్దున్న, ఎవరూ లేవకముందు, సత్యవేణి ఆ బట్టలన్నీ తీసి మంచం మీద పడేసింది. కుర్చీ వేసుకుని పిడులు పట్టుకుంది. పది వారాల్లో మొదటిసారి నా చక్రం పది నిమిషాలూ ఆగకుండా తిరిగింది. నొప్పికి పెదవి కొరుక్కుంది గానీ ఆపలేదు. అయ్యాక ఫోను తీసి నౌషీన్‌కి చేసి, స్పీకరు పెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ టిక్కులన్నీ దొంగవమ్మా. మొత్తం కలిపితే ఐదారు పూటలు చేశానేమో."

అవతల నౌషీన్ గొంతు తగ్గించింది.

"నేను సార్‌కి చెప్పన్లెండి టీచర్‌గారూ. మీ పేరు జాబితాలోంచి కొట్టేసి..."

"చెప్పు. ఉన్నదున్నట్టు రాయి. నువ్వొచ్చేది అందుకే కదా?"

"ఎందుకు చెయ్యలేదు అని ఒక ప్రశ్న ఉంటుందండి. నొప్పి, మతిమరుపు, తీరిక లేకపోవడం. ఏది పెట్టమంటారు?"

"మొహమాటం అని గడి ఉందా?"

"లేదండి."

"కింద ఒకటి గీసుకో." కుడిచెయ్యి నిమురుకుంటూ అడిగింది, "ఇప్పుడు మొదలెడితే జూన్‌కి వస్తుందా?"

"మాటివ్వలేనండి. గిలక మాత్రం జూన్‌దాకా మీ దగ్గరే ఉంచుతాను. రాకపోతే రాలేదని రాస్తాను."

"అలాగే రాయి," అంది సత్యవేణి. ఆ ఇంట్లో నేను విన్న మొదటి నికార్సయిన సంభాషణ అది. అందులో ఒక మనిషి ఇంట్లో లేనే లేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. పీతల పులుసు. సూరిబాబు డొల్ల విరుస్తూ, "శుక్రవారం సెలవు చెప్పాను. పొద్దున్నే బయల్దేరదాం," అన్నాడు.

సత్యవేణి ఎడమచేత్తో గరిటె గిన్నెలో పెట్టింది. గొంతు పెంచలేదు.

"శుక్రవారం ఎక్కడికీ వెళ్ళడం లేదు. ఆ పుస్తకంలో రాసింది అబద్ధమని ఆ అమ్మాయికి చెప్పేశాను. రేపట్నుంచి పొద్దున్న ఆరింటికి పది నిమిషాలు, సాయంత్రం ఆరింటికి పది నిమిషాలు నేను ఆ కుర్చీలో ఉంటాను. అప్పుడు ఎవరు పిలిచినా పలకను. అలిగాననుకోకండి."

మంగాయమ్మ ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. లిఖిత ఫోను పక్కన పెట్టింది. సూరిబాబు నవ్వి అందర్నీ ఒకసారి చూశాడు, తనవైపు ఎవరున్నారా అన్నట్టు.

"గుండెనొప్పొచ్చి పిలిచినా పలకవా ఏంటి?"

"పది నిమిషాలు ఓర్చుకోండి," అంది సత్యవేణి, ఆయన కంచంలో ఇంకో గరిటె పులుసు వేస్తూ.