ఆ బండి చప్పుడు

మా ఆయన బండి చప్పుడు వింటే నాకు ఒళ్లు మండేది. పెళ్లయిన కొత్తలోనే అడిగాను, వీధిలో అందరి బండ్లూ పోతాయి, మీదొక్కటే దగ్గుతూ పోతుందేం అని. నవ్వి ఊరుకున్నాడు. మిల్లులో ఫిట్టరు, ఇంజన్ల విషయంలో ఎవరి మాటా వినడు. పాత టూ స్ట్రోక్ బండి అది. అందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు కూడా దానికి పెట్టాల్సింది కాదు, వేరే ఏ ఇంజన్‌దో తెచ్చి, మిల్లులో అరగదీసి, తనే బిగించుకున్నాడు. గట్టిగా పేలేది, ఒక చప్పుడు మింగేసేది, మళ్లీ పేలేది. వీధి మలుపులో అది వినబడగానే నేను కంచం తీసేదాన్ని. ఎందుకంటే ఆయన ఇంజన్ ఆపకుండానే "వసుధా, ఆకలి" అని కేకేస్తాడు.

పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక ఆయనకు నేనెవరో తెలియలేదు. కూతురు యువశ్రీ ఎవరో తెలియలేదు. గంజి నోటి దగ్గర పెడితే పళ్లు బిగబట్టేవాడు. బతిమాలాను, తిట్టాను, గడ్డం పట్టుకుని ఏడ్చాను. మదురై డాక్టరు ముక్కులోంచి గొట్టం వేద్దామన్నాడు. గొట్టం పీకేసుకోకుండా, ఆడే ఆ ఒక్క చేతినీ మంచానికి కట్టెయ్యాలట. బతికున్న మనిషి చెయ్యి నేనెలా కట్టను?

ఆ రోజుల్లోనే యువశ్రీ స్కూటరు పాడైంది. బ్యాండేజి గుడ్డ కంపెనీలో పని దానికి. నాన్న బండి తీసుకుని పోయి సాయంత్రం తిరిగొచ్చింది. బండి మలుపు తిరిగిందో లేదో, ఆయన తల వాకిలి వైపు తిరిగింది. నోరు తెరుచుకుంది. ఏడవడం తర్వాత చూసుకుందామని ముందు గంజి గిన్నె తెచ్చాను.

అప్పటి నుంచి మా ఇంట్లో ఆయన భోజనం అంటే అదే. యువశ్రీ కిటికీ కింద బండి స్టార్ట్ చేస్తుంది, నేను గంజి తాగిస్తాను. ఇల్లంతా పొగ. పక్కింటి అఖిలాండం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "ఇది ఇల్లా, బస్టాండా" అని అడిగేది. అడగనీ. ఆయన మింగుతున్నాడు, డాక్టరు గొట్టం మాట మళ్లీ ఎత్తలేదు. నాకు అంతకన్నా ఏం కావాలి.

ఆడి నెల, అదే ఆషాఢం, గాలులప్పుడు బండి మొరాయించింది. కిక్కు కొట్టి కొట్టి యువశ్రీకి కాలు వాచింది. ఆ పూట ఆయన తినలేదు. మర్నాడూ తినలేదు. ఇక లాభం లేదని బండిని తెన్‌కాశి రోడ్డులో పెరుమాళ్‌సామి దగ్గరికి తోయించాను. నాకు తమ్ముడి వరస. నమ్మకమైన మెకానిక్. పాత ప్లగ్గులు తుడిచి డబ్బాలో పెట్టి కొత్తవని అమ్మేవాళ్లున్నారని, తను విప్పిన ప్రతి ప్లగ్గునూ బండి తెచ్చినవాళ్ల కళ్లముందే సుత్తితో పగలగొడతాడు. ఆ పద్ధతి చూసే జనం అతని దగ్గరికి పోతారు. నేనూ అందుకే పొమ్మన్నాను. యువశ్రీ "స్టార్ట్ అయితే చాలు మామా" అందట. ఇంట్లో ఆ బండితో ఏం చేస్తున్నామో చెప్పలేదు. ఎవరికైనా చెప్పుకునే సంగతా అది?

సాయంత్రం యువశ్రీని వెనక ఎక్కించుకుని అతనే బండి తోలుకొచ్చాడు. మలుపు తిరిగినట్టు కూడా నాకు తెలియలేదు. వాకిట్లో ఇంజన్ మెత్తగా, ఒక్క లెక్కన నడుస్తోంది.

"బావ ఇన్నేండ్లు ఈ బండిని సంపినాడక్కా. దీనికి మసి కాల్చేసే వేడి ప్లగ్గు కావాల. చల్లది ఏసుకొన్నాడు, మసి పట్టి పోయినాది. సరైనది ఏసినా, కార్బురేటర్ కడిగినా, గాలి స్క్రూ సెట్ చేసినా. చోళపురం దాకా పోయి వచ్చి విప్పి సూసినా, ప్లగ్గు మూతి బిస్కెట్ రంగులో ఉండాది. మంచి ఇంజన్‌కి అదే దా గుర్తు."

నేను గిన్నె పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఆయన ఫ్యాను వైపే చూస్తున్నాడు. పెదవులు అంటుకునే ఉన్నాయి.

"పెరుమాళ్, పాత ప్లగ్గు యాడ?"

"పగలగొట్టినా కదక్కా. పాప ముందరే."

అప్పుడు చెప్పాను అంతా. అతను ఇంజన్ ఆపి మెట్టు మీద కూర్చున్నాడు. "ఒక మాట సెప్పుంటే" అని మొదలుపెట్టి ఆపేశాడు. అతన్ని ఏమనగలను? ఆ నిజాయితీని చూసే కదా పంపాను. కానీ ఆ సుత్తి పట్టిన చేతిని మనసులో తిట్టుకోకుండా ఉండలేకపోయాను.

పాత చప్పుడు ఎందులోనైనా రికార్డయి ఉందేమోనని యువశ్రీ ఫోనంతా వెతికింది. ఆయుధ పూజ వీడియో ఒకటి దొరికింది. అందులో బండి గంధం పూసుకుని, దండ వేసుకుని కదలకుండా నిలబడి ఉంది. ఆ దగ్గును ఎవరు దాచుకుంటారు?

పెరుమాళ్‌సామి పగిలిన ముక్కలు కాగితంలో ఏరుకొచ్చాడు. పింగాణీ పగిలితే ఇక నిప్పు సరిగా రాదని తనే చెప్పాడు. రోజూ షాపు కట్టేసి జేబునిండా ప్లగ్గులతో వచ్చేవాడు. చల్లది వేశాడు, ఇంకా చల్లది వేశాడు. మూతి అరగదీశాడు, సందు పెంచాడు, తగ్గించాడు, పెట్రోలులో ఆయిల్ ఎక్కువ పోశాడు.

"ఇదా అక్కా?"

"కాదు. అది నడుమ మింగుతుండె."

"ఇది?"

"ఇంత తొందరగా కాదు."

ప్లగ్గు మార్చిన ప్రతిసారీ నేను చెంచా ఆయన పెదవుల దాకా తీసుకుపోయి వెనక్కి తెచ్చేదాన్ని. గంజి గడ్డం మీంచి మెడలోకి కారేది. సెలైన్ ఎక్కిస్తున్నా మెడ కింద ఎముకలు పైకి తేలాయి.

"బండ్లల్లో చెడ్డ సత్తం వినబడితే పోగొట్టేదే నేర్సుకొన్నానక్కా ఇన్నేండ్లూ. తెచ్చేది నాకు తెలీదు" అన్నాడు ఒకరోజు, చేతులు తుడుచుకుంటూ.

వారం తిరిగిన సాయంత్రం బండి గట్టిగా దగ్గింది. యువశ్రీ లేచి నిలబడింది. "ఇదేమ్మా. ఇదే."

పెరుమాళ్‌సామి నా వైపు చూశాడు. నేను కళ్లు మూసుకున్నాను. రెండుసార్లు పేలి మింగేదా, ఒకసారి పేలి మింగేదా? ఎంత తలుచుకున్నా ఈ వారమంతా విన్న చప్పుళ్లే వస్తున్నాయి. పెళ్లయినప్పటి నుంచి ఒళ్లు మండించిన చప్పుడు, నాకు గుర్తు లేదు.

"తెలీదు తమ్ముడూ. నాకూ మరిసిపోయినాది."

ముగ్గురం మంచం వైపు తిరిగాం. ఏది సరైనదో చెప్పగలిగిన మనిషి ఆయనొక్కడే. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు.

మదురై పోయి గొట్టం వేయించుకొచ్చాం. యువశ్రీ కంపెనీ నుంచి మెత్తటి గుడ్డ చుట్ట ఒకటి తెచ్చింది, కట్టినచోట నాన్న చెయ్యి ఒరుసుకోకూడదని. బండిని పెరుమాళ్‌సామి మళ్లీ బాగా సెట్ చేసి ఇచ్చాడు. యువశ్రీ దాని మీదే పనికి పోయి వస్తోంది. అది ఎప్పుడు మలుపు తిరుగుతుందో నాకు వినబడదు. గేటు తీసిన చప్పుడయ్యాకే లేచి, ఆ పిల్లకు కంచం తీస్తాను.