అరువు నాలుక

మా ఆయన హోటల్లో వండే వంట ఎలా ఉంటుందో నాకు తెలియదు, ఇంకో ఆడదానికి తెలుసు. ఈ మాట వింటే ఏ ఇల్లాలికైనా ఒళ్లు మండుతుంది. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ నాకు మండుతూనే ఉంది.

ఆయన ఇక్కడ ఒక రెస్టారెంటులో పెద్ద వంటవాడు. పంది మాంసం ముట్టుకోను, సారాయి పోసే వంటలు చెయ్యను అని చేరిన రోజే యజమానికి చెప్పేశాడు. వాటికి వేరే మనిషి ఉన్నాడు. గొర్రె, కోడి మాత్రం ఆయన చేతి మీదుగానే వెళ్లాలి. అదేమో అల్లా పేరు చెప్పి కోసిన మాంసం కాదు. వండుతాడు, వడ్డించి పంపుతాడు, హలాల్ కాని మాంసం కాబట్టి నోట్లో మాత్రం పెట్టుకోడు. వాసన చూసి ఉప్పు వేస్తాడు, రంగు చూసి దించుతాడు. చెయ్యి తిరిగిన వంటవాడే, కాదనను. కానీ రుచి చూడకుండా వండటం ఎంతైనా గుడ్డి వ్యవహారమే కదా. అందుకని ఒక నాలుకను అరువు తెచ్చుకున్నాడు.

ఆ నాలుక వంటింట్లో కూరగాయలు తరిగే ఆవిడది. ఈ దేశపు మనిషి, మా ఆయనకన్నా వయసులో పెద్దది. వెడల్పాటి భుజాలు, ఎప్పుడూ నీళ్లలో నాని ఎర్రబడిన చేతులు. ఆవిడ పేరు పలకడానికి నాకు నోరు తిరగదు. అందుకని నాలుకమ్మ అంటాను, ఆవిడ లేనప్పుడు. ప్రతి గిన్నె దించే ముందు మా ఆయన కాస్త తీసి ఆవిడకి అందిస్తాడు. తల ఊపితే సరిపోయినట్టు, మొహం చిట్లిస్తే ఏదో తక్కువైనట్టు. రాను రాను ఈ సైగలన్నీ ఎందుకని, "ఏది తక్కువైతే అది నువ్వే వేసెయ్, నన్నడగొద్దు" అని ఆయనే చెప్పాడట. ఈ సంగతి ఇంటికొచ్చి నాతో గొప్పగా చెప్పుకున్నాడు.

"అంత నమ్మకమా ఆవిడంటే?" అన్నాను.

"నాలుకను నమ్మకపోతే ఇంక ఎవర్ని నమ్మను?" అన్నాడు.

ఆ పూట ఆయనకి ఉప్పు లేని చారు పెట్టాను. ఆయన మాట్లాడకుండా తాగేశాడు. అలాంటి మనిషితో పోట్లాట కూడా సరిగ్గా సాగదు.

నా సంగతి చెప్పాలంటే, నేను బట్టలు సరిచేసే దుకాణంలో పని చేస్తాను. పొడుగైన ప్యాంట్లు కత్తిరించి అంచులు కుట్టడం, తెగిన జిప్పులు మార్చడం. దుకాణంలో ఎవరి పుట్టినరోజు వచ్చినా అందరం కలిసి బయట తినడానికి వెళ్తాం. వెళ్లిన చోటల్లా నాది ఒకటే తంతు. దీంట్లో మాంసం ఉందా అని అడుగుతాను. లేదంటారు. మరి ఈ సూపు దేంతో కాచారంటే ఎముకలతో అంటారు. ఇంకోటి అడిగితే, కొంచెమే ఉంది, ముక్కలు పక్కన పెట్టి తినొచ్చు అంటారు. పాపం, దయగానే చెబుతారు. చివరికి నా ముందుకి ఉడికించిన బంగాళాదుంపలు వస్తాయి. ఈ ఊళ్లో ఏ హోటల్లో బంగాళాదుంపలు ఎలా ఉంటాయో నన్నడగండి, కళ్లు మూసుకుని చెబుతాను.

"అయ్యో, నీకు తినడానికేమీ లేదే" అని పక్కవాళ్లు నొచ్చుకుంటారు. అలవాటేలెండి అంటాను. నోరు కట్టుకోవడం నాకు కష్టం కాదు, చిన్నప్పట్నుంచీ రంజాన్ నెలంతా రోజాలు, అంటే ఉపవాసాలు, ఉన్నదాన్ని. కష్టమల్లా ఏమిటంటే, వాళ్లు ఒకరి పళ్లెంలోది ఒకరికి పెట్టుకుంటారు, ఇది చూడు, అది రుచి చూడు అనుకుంటారు. నా పళ్లెం జోలికి ఎవరూ రారు. బంగాళాదుంపలో చూడటానికేముంది? అందరితో ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒంటరిగా తిని ఇంటికొస్తాను.

ఇంట్లో మాంసం లేదని కాదు. ఊరికి అవతలి చివర హలాల్ కొట్టు ఉంది, రైలెక్కి వెళ్లి తెచ్చుకుంటాం. కానీ వండేది నేను. ఆయన ఇంటికొచ్చేసరికి గరిటె పేరెత్తితే దణ్ణం పెడతాడు. పైగా మాది అద్దె గది, వంటిల్లు ఇంకో రెండు కుటుంబాలతో ఉమ్మడి. ఉన్నదొక చిన్న కరెంటు పొయ్యి. పోపు ఘాటు కాస్త ఎక్కువైతే ఇంటావిడ వచ్చి తలుపు తడుతుంది.

ఆ రెస్టారెంటులో ఆయనకి పేరు తెచ్చిన వంట ఒకటుంది. ఎముకతో ఉన్న గొర్రె తొడ, నిలువుగా తరిగిన ఉల్లిపాయలు, మిరియాలు. పెద్ద ఓవెన్లో పొద్దున పెడితే మధ్యాహ్నం దాటితేగాని బయటికి తియ్యడు. దానికోసం పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారట. సాయంత్రం దుకాణం కట్టేశాక నేను చుట్టుదారైనా సరే ఆ వీధి మీదుగానే ఇంటికి వెళ్లేదాన్ని. లోపల మందు పోస్తారు కాబట్టి ఎన్నడూ గడప తొక్కలేదు. అద్దం బయట నిలబడి చూసేదాన్ని. ఒక ముసలాయన రొట్టె ముక్కతో పళ్లెం తుడుచుకుని మరీ తినేవాడు. ఒకావిడ తన మొగుడి పళ్లెంలోంచి ఆఖరి ముక్క లాక్కుని నవ్వేది. నా మొగుడు వండింది ఊరంతా లొట్టలేసుకుంటూ తింటోంది, నేను చలిలో సంచీ పట్టుకుని నిలబడి చూస్తున్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అలా కుర్చీలో కూర్చుని ఆయన వండింది ఆయనతో కలిసి తినాలని ఎంత కొట్టుకునేదో నా ప్రాణం. ఇదేం కోరికని నవ్వేవాళ్లు నవ్వుకోనీ.

ఒకరోజు ఆయనతోనే అనేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"అదెలా ఉంటుందో నాకూ తెలీదు కదే" అన్నాడు.

అప్పటిదాకా నాకు తట్టనే లేదు. నా కోరిక చూసుకుని నేను కుళ్లుకుంటున్నానే గాని, ఆ వంట పుట్టించిన మనిషి దాన్ని ఒక్క ముద్ద కూడా తిని ఎరగడు. తినేవాళ్ల మొహాలు కూడా చూడడు, గోడకి అవతల వంటింట్లో ఉంటాడు. ఖాళీ పళ్లేలు తిరిగొస్తే బాగుందనుకోవడమే.

ఈ మధ్య యజమాని రెస్టారెంటు అమ్మేశాడు. కొన్నాయన అక్కడ చెప్పుల షాపు పెడతాడట. మా ఆయనకి ఆసుపత్రి క్యాంటీన్లో పని దొరికింది, రోగులకి జావలూ సూపులూ కాచడం. శనివారం ఆఖరి వడ్డన, సోమవారం ఓవెన్ విప్పి తీసుకుపోవడానికి మనుషులు వస్తారు. మధ్యలో ఆదివారం ఒక్కటే ఖాళీ. ఎవరినీ ఏదీ అడగడం చేతకాని మా ఆయన, ఆ ఆదివారం కోసం యజమానిని అడిగాడు. యజమాని తాళంచెవి చేతిలో పెట్టి, "నీ వంటిల్లే కదా" అన్నాడట.

ముందురోజే హలాల్ కొట్టుకి వెళ్లి తొడ మాంసం తెచ్చాం. కొట్టాయనతో మా ఆయన బేరమాడలేదు, ముక్క మాత్రం మూడుసార్లు మార్పించాడు. కొత్త గిన్నె, కొత్త గరిటె కొన్నాం. పొద్దున్నే వెళ్లి ఓవెన్ లోపలంతా సబ్బుతో కడిగాడు. మామూలుగా ఆ వంటలో ఎముకల రసం పోస్తాడు. ఆ ఎముకలు మనవి కావు కాబట్టి ఈసారి వట్టి నీళ్లే పోశానన్నాడు.

నేను దాచుకున్న నీలం చీర కట్టుకుని మధ్యాహ్నం వెళ్లాను. మందు సీసాల అరలు ఖాళీ అయిపోయి దుమ్ము గీతలు కనిపిస్తున్నాయి. కుర్చీలన్నీ గోడవార పేర్చి, కిటికీ పక్కన ఒక బల్ల మాత్రం ఉంచాడు. దాని మీద తెల్లటి గుడ్డ, రొట్టె, రెండు పళ్లేలు. గదంతా ఆ వాసన. అద్దం బయట ఇన్నేళ్లు నిలబడ్డాను గాని, ఈ వాసన ఇంత దగ్గరగా ఎప్పుడూ తగల్లేదు.

లోపల గిన్నెల చప్పుడు వినిపించింది. తొంగి చూస్తే నాలుకమ్మ.

"ఈవిడెందుకొచ్చింది?" అన్నాను మెల్లగా.

"పెద్ద గిన్నెలు తోమి అప్పజెప్పాలి. మీరు తినండి, నేను వడ్డిస్తాను అంది. మన మాంసం వేరే అని కూడా చెప్పానులే."

"మీరు రుచి చూశారా? ఇవాళ చూడొచ్చు కదా."

"నీతో పాటే" అన్నాడు. "ఇన్నేళ్లు ఆగాను, ఇంకో పావుగంట ఆగలేనా."

చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కూర్చోవడం చేతకాక కుర్చీ అంచునే ఉన్నాడు. ఆయన్ని చూసి నాకు నవ్వొచ్చింది, పెళ్లిచూపులకి వచ్చినప్పుడు కూడా ఇంత బెరుకు లేదు. నాలుకమ్మ గిన్నె పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఇద్దరికీ వడ్డించింది. ఎముక నుంచి మాంసం దానంతటదే జారింది. ఉల్లిపాయలు కరిగి గోధుమరంగు గుజ్జయ్యాయి. బిస్మిల్లా అనుకుని చెంచా ఎత్తాను. ఆవిడ సంబరంగా ఏదో చెప్పింది. నాకు ఈ దేశపు భాష దుకాణంలో పనికొచ్చేంతే వచ్చు, గబగబా మాట్లాడితే అందదు.

మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆగు" అన్నాడు.

"ఏమైంది?"

ఆయన మొహం పాలిపోయింది. "చప్పగా ఉందనిపించిందట. నిన్నటి ఎముకల రసం గిన్నె అడుగున మిగిలి ఉంటే రెండు గరిటెలు పోసి సరిచేసిందట. ఇప్పుడు అసలు రుచి వచ్చింది, తినండి అంటోంది."

మాంసం వేరే అని ఆవిడకి తెలుసు. రసం సంగతి చెప్పాలని ఈయనకి తట్టలేదు. రసం కూడా మాంసం కిందికే వస్తుందని ఆవిడకి తట్టలేదు. ఏది తక్కువైతే అది వెయ్యమన్నది ఈయనే. రోజూ చేసినట్టే చేసింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటిదాకా వచ్చిన మాటలన్నీ తెలుగులో ఉండటం వల్ల ఆవిడ బతికిపోయింది. ఈలోపు మా ఆయన ఆవిడకి విషయం చెప్పాడు. గట్టిగా కాదు, తప్పు నాదే అన్నట్టు. ఆవిడ గిన్నెకేసి చూసింది, నాకేసి చూసింది. ఎర్రటి చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. అంత పెద్ద మనిషి అలా చిన్నదైపోవడం చూశాక, నా కోపం ఎటు పోయిందో పోయింది. మిగిలింది ఆకలి. ఆకలి కూడా కాదు, ఇన్నేళ్ల ఆశ.

పళ్లెంలోంచి ఆవిరి ఇంకా లేస్తోంది. తలుపులు వేసి ఉన్నాయి, వీధిలో ఎవరూ లేరు. రెండు గరిటెలే కదా అనిపించిన మాట నిజం. మా ఆయన నాకేసి చూశాడు. ఆయనకీ అనిపించిందని నాకు తెలిసింది. ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. చెంచా కింద పెట్టేశాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మా ఆయన లేచి గిన్నె తియ్యబోయాడు.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"పారెయ్యాలి కదా."

"మీ చేత్తో మీరది పారేస్తుంటే నేను చూడలేను. కూర్చోండి." లేచి వెళ్లి ఇంకో కుర్చీ లాక్కొచ్చాను. నాలుకమ్మ భుజం పట్టుకుని దాంట్లో కూర్చోబెట్టాను. ఆవిడ వద్దు వద్దంటూ తల అడ్డంగా ఊపింది. మనింటికొచ్చిన చుట్టాన్ని బలవంతపెట్టినట్టే బలవంతపెట్టి, నా పళ్లెం ఆవిడ ముందుకి జరిపాను.

"తినమనండి" అన్నాను. "తిని, ఎలా ఉందో చెప్పమనండి. ఉప్పు సంగతి కాదు. మొత్తం చెప్పాలి."

ఆయన చెప్పాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని చెంచా పట్టుకుంది. గరిటె చివర నాకి తల ఊపడం తప్ప, కూర్చుని పళ్లెం నిండా ఈ వంట తినడం ఆవిడకి కూడా ఇదే మొదలట. మెల్లగా తింది. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది, తింటూ ఆగుతూ. ఆయన తెలుగులో నాకు అందించాడు.

"ముందు మిరియం తగులుతుందట, ముక్కులోకి. వెంటనే ఉల్లిపాయ తీపి వచ్చి దాన్ని పట్టుకుంటుందట."

"ఊఁ."

"మాంసం నమలక్కర్లేదట. నాలుకకీ అంగిలికీ మధ్య నొక్కితే చాలు, దారాల్లా విడిపోతుందట."

"ఇంకా?"

ఆవిడ ఆలోచించి, ఇంకో ముద్ద తీసుకుని ఏదో అంది. ఆయన ఆశ్చర్యపోయాడు. "చివర్లో కాస్త చేదు ఉంటుందట. తెలిసీ తెలియనట్టు. ఆ చేదు కోసమే అందరూ మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు, ఆ సంగతి నీకు తెలుసనుకున్నాను అంటోంది."

"చేదెక్కణ్ణుంచి వచ్చింది?"

"నాకేం తెలుసు? ఉల్లిపాయ అంచులు మాడినందుకేమో. నేను ఎప్పుడూ..." అని ఆగిపోయాడు. మళ్లీ ఆవిడనే అడిగాడు, ఆ చేదు ఎంతసేపుంటుందని. ఆవిడ చెబుతోంది. ఆయన ముందుకి వంగి, ఆవిడ నోటినే చూస్తూ వింటున్నాడు. ఇంక నాకు తెలుగులో చెప్పడం మర్చిపోయాడు. ఆయన దవడ మెల్లగా కదులుతోంది. నోట్లో ఏమీ లేదు, నములుతున్నాడు.

ఆయన్ని ఆటపట్టిద్దామని నోరు తెరవబోయాను. తెరవలేకపోయాను. నేనూ నములుతున్నాను.